చెన్నపురి గానసభలు – వానికి గొడుగు పట్టినవారు

తిరుమల బ్రహ్మోత్సవములకు ముందుగా ప్రతి సంవత్సరము మన చెన్నకేశవ పెరుమాళ్ళ దేవాలయమునుండి శ్రీవారి గొడుగులు ఊరేగింపుగా బయలుదేరుట ఈ పట్టణమున తరతరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములవారెల్లరు ఎరిగిన సంగతియే. షావుకారుపేట సందులలో మేడలమీదినుండియు, అరుగులమీదినుండియు జనులు ఆ గొడుగులకు చేతులు జోడింతురు. మా చిన్ననాట మా తండ్రిగారు మమ్ము భుజముపై నెక్కించుకొని ఆ ఊరేగింపు చూపించిరి. గొడుగు క్రింద విగ్రహము లేకుండుట చూచి, "దేవుడు లేడు గదా నాన్నగారూ, దండము ఎవరికి?" అని మేము అడిగితిమి. "దేవుడు కొండమీద ఉన్నాడు. ఆయనకు కావలసిన నీడ మనయూరినుండి పోవుచున్నది" అని వారు చెప్పిరి.

ఆ మాట మాకు తరువాత వేరొక సందర్భమున పలుమారులు గుర్తుకు వచ్చినది. మేము పారిస్ కార్నరు దగ్గర ఒక కంపెనీలో గుమాస్తాగా ముప్పదియైదేండ్లు పనిచేసితిమి. సాయంకాలములందు మన సంఘమునకు లెక్కలు వ్రాయుచు, చందాలు వసూలు చేయుచు, కచేరీనాడు కుర్చీలు వేయించుచు కాలము గడిపితిమి. పాడుటకు మాకు కంఠము లేదు. అందుచేత పాడువారికి నీడ ఎక్కడనుండి వచ్చుచున్నదను విషయముమీదికి మా దృష్టి పోయినది. విద్వాంసునికి సభ నీడ. మరి సభకు నీడ యేది? ఒక ఊరి సభలనన్నిటిని కూడగట్టి, వాని పక్షమున మాటాడి, ఒక దేశము యావత్తు సంగీతమునకు ప్రతినిధిగా నిలువబడు సంస్థలు ఎట్లు పుట్టినవి? అందు మన తెలుగువారి చేయి ఎంత? ఆ నీడ మనమీద ఎంతవరకు పడినది? ఈ ప్రశ్నలకు మాకు తెలిసినంతలో సమాధానము వ్రాయుచున్నాము.

పూర్వము రాజులు, జమీందారులు, వర్తకులు విద్వాంసులను పోషించిరి. త్యాగరాజస్వామి వారు చెన్నపట్టణమునకు విచ్చేసినప్పుడు కోవూరు సుందరేశ మొదలియారు గారి ఆతిథ్యమును స్వీకరించిరి. ఆ మొదలియారు గారి స్వగ్రామమైన కోవూరులోని స్వామిపై రచించిన పంచరత్నములు నేటికిని పాడబడుచున్నవి. ఇట్టి ఆదరణ ఒక్కరి మనసుమీద ఆధారపడియుండెను. దాత యున్నంతకాలము సంగీతముండెను, దాత పోయిన పిదప విద్వాంసుడు మూటకట్టుకొని వేరొక గుమ్మము వెదకుకొనవలసి వచ్చెను.

నలుగురు కూడి సంఘముగా ఏర్పడి సంగీతమును నిలుపవలెనను భావము పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున కలిగినది. 1874లో పూనాలో గాయన సమాజము స్థాపింపబడెను. దాని శాఖ 1883లో మన పట్టణమున ఏర్పడెను. ఒక ఊరిలో పుట్టిన సంగీత సంస్థ వేయి కిలోమీటర్ల దూరమున మరియొక ఊరిలో, వేరొక భాషవారి నడుమ, వేరొక సంగీత సంప్రదాయమువారి నడుమ శాఖను తెరచుట అప్పటికి క్రొత్త సంగతి.

ఆ రోజులలో చెన్నపట్టణమున సంగీత గ్రంథములు ఏ లిపిలో అచ్చగుచుండెనో మన పిల్లలకు చెప్పినచో నమ్మరు. తచ్చూరు సింగరాచార్యులు సోదరులు ప్రకటించిన గాయక పారిజాతము, గాయక లోచనము మున్నగు పుస్తకములు తెలుగు లిపిలోనివి. అరవదేశము నడిబొడ్డున ఎట్టయపురము సంస్థానమున సుబ్బరామ దీక్షితులవారు 1904లో ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని సైతము తెలుగు లిపిలోనే అచ్చయినది. దీక్షితులవారి మాతృభాష తమిళము. చదువరులలో పెక్కుమంది తమిళులే. అయినను సంగీతము నేర్చువాడు తెలుగక్షరములు నేర్చుట ఆనాడు వాడుక. ఆ యేడే ఉత్తరదేశమునుండి విష్ణు నారాయణ భాతఖండే గారు దక్షిణయాత్ర చేయుచు ఎట్టయపురమునకు పోయి దీక్షితులవారిని దర్శించిరి. ఆ ముసలివాని ముంగిట ఆ బొంబాయి న్యాయవాది కూర్చుండి ప్రశ్నలడిగిన దృశ్యమును మేము పలుమారులు ఊహించుకొంటిమి. ఉభయ సంగీతములను ఒకచోట కూర్చి విచారింపవలెనను కోరిక ఆయనకు ఇట్టి యాత్రలవలననే బలపడియుండును.

పట్టణమున సభలు ఒక్కటొక్కటిగా వెలసినవి. తిరువల్లిక్కేణిలో శ్రీ పార్థసారథి స్వామి సభ 1900లో ఏర్పడెను. నేటికిని నడచుచున్న సభలలో అదియే పాతది. ఆర్మీనియన్ వీధిలోని గోఖలే హాలు కచేరీలకు పేరుపొందెను. సభ్యుడు నెలచందా కట్టవలెను, బయటివాడు టిక్కెట్టు కొనవలెను. ఈ పద్ధతిలో పోషకుడు అనువాడు ఒక్కడు గాక వందలమందిగా మారెను. ఆ వందలమందిలో వకీళ్ళు ముందువరుసనుండిరి, మావంటి గుమాస్తాలు వెనుకవరుసనుండిరి. వెనుకవరుసవాని చందాయే క్రమము తప్పక వచ్చుచుండెనని లెక్కలు వ్రాసినవారెవరైనను చెప్పగలరు.

సభలు పెరిగిన కొలది చిక్కులును పెరిగినవి. ఒకే రాగమును ఒక విద్వాంసుడు ఒక తీరున పాడును, మరియొకడు వేరొక తీరున పాడును. ఏది సంప్రదాయమో నిర్ణయించువారెవరు? సంగీతము నేర్పుటకు పాఠక్రమమేది? ప్రభుత్వముతో మాటాడవలసి వచ్చినప్పుడు ఎవరు పోవలెను? ఒక్కొక్క సభకు ఈ శక్తి లేదు. భాతఖండే గారి పూనికతో 1916లో బరోడాలో మహారాజా శాయాజీరావు గారి ఆశ్రయమున మొదటి అఖిలభారత సంగీత సమావేశము జరిగెను. తంజావూరునుండి అబ్రహాము పండితులవారు అచ్చటికి పోయి శ్రుతులను గూర్చి తమ సిద్ధాంతమును వినిపించిరి. పిమ్మట 1918లో ఢిల్లీలోను, 1919లో కాశీలోను, ఆపైని లక్నోలోను సమావేశములు జరిగినవి. ఒక ఖండమంత విస్తీర్ణము గల దేశమునకు ఒక్క సంగీత సంస్థ కావలెనని ఆ సమావేశములలో కలగనిరి. ఆ కల అప్పటికి నెరవేరలేదు. విద్వాంసులు వచ్చి పాడి పోయిరి, తీర్మానములు కాగితములలో నిలిచినవి. అయినను కాగితములను చులకన చేయరాదు. గుమాస్తాగిరీ చేసినవారమగుటచే ఈ మాట మేము పక్షపాతముతో చెప్పుచున్నామని తలంచినను సరే. దస్త్రములో నిలిచిన తీర్మానము ఎప్పుడో ఒకప్పుడు ఎవరి చేతికో చిక్కును.

అట్లే జరిగినది. 1927 డిసెంబరులో డాక్టరు అన్సారీ గారి అధ్యక్షతన అఖిలభారత కాంగ్రెసు మహాసభ మన పట్టణమున జరిగెను. దానితోపాటు అఖిలభారత సంగీత సమావేశమును జరిపిరి. అచ్చటనే మద్రాసులో ఒక సంగీత విద్వత్సంస్థను నెలకొల్పవలెనని తీర్మానించిరి. మరుసటి సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సర్ సి. పి. రామస్వామి అయ్యరు గారు మ్యూజిక్ అకాడమీని ప్రారంభించిరి. వైద్యులైన డాక్టరు యు. రామారావు గారు దానికి మొదటి అధ్యక్షులు. న్యాయవాది ఇ. కృష్ణయ్యరు గారు కార్యదర్శులలో ముఖ్యులు.

అకాడమీ తక్కిన సభలవంటి మరియొక సభ యని కొందరు తలంతురు. అది పొరపాటు. సాయంకాలము కచేరి జరుగునది నిజమే, కాని ఉదయము విద్వాంసులు కూర్చుండి రాగలక్షణములను చర్చింతురు. ఒకరు పాడి చూపుదురు, మరియొకరు ఖండింతురు. 1930నుండి వెలువడుచున్న అకాడమీ పత్రికలో ఆ వాదములన్నియు నమోదైనవి. 1931లో ఉపాధ్యాయులకు సంగీత కళాశాల తెరచిరి. సమావేశమునకు అధ్యక్షత వహించిన విద్వాంసునికి 1942నుండి సంగీత కళానిధి యను బిరుదము నేర్పరచిరి. డిసెంబరు సెలవులలో కోర్టులు, కచేరీలు మూయబడియుండుటచే మొఫస్సలు వకీళ్ళు, ఉద్యోగులు కుటుంబములతో రాగలుగుచుండిరి. ఇప్పుడు ప్రపంచమంతయు మార్గళి సీజను అని పిలుచు ఉత్సవమునకు మూలము ఈ సెలవుల లెక్కయే.

తెలుగువారు ఆ పీఠముపై కూర్చుండిన సంవత్సరములు మాకు కంఠస్థములు. 1941లో ద్వారం వేంకటస్వామి నాయుడు గారు, 1978లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు, 1983లో డాక్టరు శ్రీపాద పినాకపాణి గారు, 1991లో నేదునూరి కృష్ణమూర్తి గారు. 1998లో షేక్ చినమౌలానా సాహేబు గారు నాగస్వరముతో ఆ గౌరవమునందిరి. ఒక లోపము కూడ చెప్పవలెను. మన హరికథకులకు, భజనగోష్ఠులకు ఆ గొడుగు క్రింద చోటు తక్కువ. ముత్యాలుపేట, పెద్దనాయకునిపేట సందులలో శనివారము రాత్రులు భజన చేసిన తెలుగు వర్తకులు సంగీతమునకు చేసినది తక్కువేమి కాదు. ఏ పత్రికలోను వారి పేరులు రాలేదు.

ఇక తిరువయ్యారు సంగతి. పై సంస్థ లేనిచో ఏమగునో, కలిగినచో ఏమగునో దీనికంటె స్పష్టముగా చూపు ఉదాహరణము మాకు తెలియదు. త్యాగరాజస్వామి వారు 1847 జనవరి 6వ తేదీన సిద్ధి పొందిరి. వారి సమాధి ముండ్లపొదలలో మరుగుపడియుండెను. 1903లో శిష్యులైన ఉమయాళ్పురము కృష్ణ భాగవతులు, సుందర భాగవతులు దానిని వెదకి బాగుచేయించిరి. ఆరాధన ప్రారంభమైనది. వెంటనే కక్షలును ప్రారంభమైనవి. తిల్లస్థానము సోదరులైన నరసింహ భాగవతులు ఒకవైపు, పంజు భాగవతులు ఒకవైపు చేరి పెద్దకక్షి, చిన్నకక్షి యని రెండు ఉత్సవములు జరిపించిరి. రామభక్తుని సమాధి ముందు అన్నదమ్ములవంటివారు వేరుకుంపట్లు పెట్టుకొనిరి.

ఇంతలో మన పట్టణమునుండి బెంగుళూరు నాగరత్నమ్మ గారు అచ్చటికి పోయిరి. ఆమె చెన్నపట్టణమున కచేరీలుచేసి సంపాదించిన ధనమును, నగలను వెచ్చించి సమాధిస్థలమున మందిరమును కట్టించిరి. 1921లో పునాది వేయబడెను, 1925లో ప్రతిష్ఠ జరిగెను. ముద్దుపళని కావ్యమైన రాధికాసాంత్వనమును 1910లో వావిళ్ళవారిచే అచ్చువేయించిన విదుషీమణి ఈమెయే. ఇట్టి యామె తాను కట్టించిన మందిరము ముందు ఆరాధనలో పాడుటకు వీలులేదని రెండు కక్షలవారును నిర్ణయించిరి, కారణము ఆమె స్త్రీ యగుటయే. నాగరత్నమ్మ గారు వెనుకకు తగ్గలేదు. స్త్రీలను కూడగట్టి మందిరమునకు వెనుకవైపున మూడవ ఆరాధన జరిపించిరి. ఇట్లు ఒక్క మహాత్ముని పేర మూడు పందిళ్ళు వెలసినవి. కడకు 1940లో ఎస్. వై. కృష్ణస్వామి గారను ఐ.సి.ఎస్. అధికారి, ముసిరి సుబ్రహ్మణ్యయ్యరు గారు మొదలైన పెద్దలు మూడు పక్షములను ఒక్కటిచేసి శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవ సభను ఏర్పరచిరి. అటుపిమ్మట పంచరత్నములు అందరు కలిసి ఒక్క గొంతుకతో పాడు వాడుక వచ్చెను. స్త్రీలకును పాడు హక్కు లభించెను. నాగరత్నమ్మ గారు 1952లో స్వర్గస్థులైరి. స్వామివారి సమాధికి సమీపముననే ఆమె సమాధి కలదు. అచ్చటికి పోయిన మన యాత్రికులలో సగముమంది దానివైపు చూడక వచ్చెదరు. ఈసారి పోవువారు ఒక పుష్పము అచ్చటకూడ ఉంచవలెనని మా మనవి.

ఈ ఐకమత్యము కుదురుచున్న రోజులలోనే వేరొక పెద్ద వివాదము లేచెను. తమిళదేశమున కచేరీలయందు తెలుగు కీర్తనలే పాడుచున్నారు, తమిళ పాటలకు చోటెక్కడ అని 1941లో చిదంబరములోని అణ్ణామలై విశ్వవిద్యాలయమున జరిగిన సమావేశము ప్రశ్నించెను. రాజా సర్ అణ్ణామలై చెట్టియారు గారు ధనమిచ్చి నిలిచిరి. రాజాజీ గారు, కల్కి గారు కలము, గళము విప్పిరి. 1943లో తమిళ ఇశై సంగము స్థాపింపబడెను. 1952లో ఎస్ప్లనేడు దగ్గర రాజా అణ్ణామలై మన్రము వెలసెను. 1941లో మ్యూజిక్ అకాడమీ సమావేశము మాత్రము, సంగీతపు ఉన్నత ప్రమాణమును కాపాడుటయే ముఖ్యమనియు, భాషాభిమానముచే దానికి కొరత కలుగరాదనియు తీర్మానించెను. అప్పుడు అధ్యక్షపీఠమున నున్నవారు విజయనగరము మహారాజావారి సంగీత కళాశాల ప్రధానాచార్యులైన ద్వారం వారు. వారి వయొలినుకు భాష లేదు గదా!

ఈ వివాదమును తలంచుకొని మనవారు కొందరు నేటికిని కోపము తెచ్చుకొందురు. మాకు కోపము లేదు. తన ఊరిలో తన భాష పాట వినవలెనని కోరుట తప్పు కాదు. వారి కోరికకు ఒక సంస్థ, ఒక మందిరము, ఒక ధనరాశి, ఒక వాణి ఏర్పడినవి. మనకు ఏమి ఏర్పడినవి అని అడుగుకొనుట మేలు. తెలుగు కీర్తనకు అప్పటికి అన్ని సభలును ఆశ్రయమే గనుక, తెలుగు కుటుంబములకు వేరే ఆశ్రయము అక్కరలేదని మన పెద్దలు తలంచిరి. కీర్తన వేరు, కుటుంబము వేరు అను సంగతి చాల కాలమునకు గాని బోధపడలేదు.

ఏమియు ఏర్పడలేదనుటయు సరికాదు. త్యాగరాయనగరున వాణీమహలును లేవనెత్తినవారు చిత్తూరు వి. నాగయ్య గారు. త్యాగబ్రహ్మ గానసభ యను పేరుతో అచ్చట సంగీతము నడచినది. 1946లో త్యాగయ్య చిత్రమున స్వామివారి పాత్ర ధరించిన నాగయ్య గారు తెరమీద మాత్రమే గాక తెరబయట సైతము త్యాగయ్యను నిలిపిరి. మా తండ్రిగారు మాకు మొదటి కచేరి వినిపించినది వాణీమహలులోనే. చిన్నవారమగుటచే నిద్రపోతిమి. తిరిగివచ్చునప్పుడు బస్సులో వారు మమ్ము కోపపడలేదు. "నిద్రలో విన్నది కూడ లెక్కలోనికే వచ్చును" అనిరి.

ఇప్పుడు దేశమంతటికి పట్టిన గొడుగును గూర్చి. స్వాతంత్ర్యానంతరము కేంద్రప్రభుత్వము 1952 మే నెలలో సంగీత నాటక అకాడమీని ఏర్పరచుచు తీర్మానించెను. 1953 జనవరి 28వ తేదీన రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాదు గారు పార్లమెంటు భవనమున దానిని ప్రారంభించిరి. బరోడాలో కనిన కలకు ముప్పదియారు సంవత్సరములు గడచిన పిదప రూపము వచ్చెను. దాని మొదటి అధ్యక్షులు ఎవరు? మన పట్టణమువారు, మన భాషవారు అయిన డాక్టరు పి. వి. రాజమన్నారు గారు. 1948నుండి 1961వరకు మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా నుండి, తీర్పులు వ్రాయు చేతితోనే తెలుగున ఏకాంకికలు వ్రాసిన రసికులు. 1952లో ఐరోపావారి వయొలిను విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మన పట్టణమునకు వచ్చినప్పుడు రాజమన్నారు గారి ఇంటనే ద్వారం వారి వాద్యమును విని ఆశ్చర్యపడెనని ప్రసిద్ధి. మరుసటి సంవత్సరమే ద్వారం వారికి సంగీత నాటక అకాడమీ పురస్కారము లభించెను. ఆ మెనూహిన్ గారే 1969నుండి 1975వరకు అంతర్జాతీయ సంగీత మండలికి అధ్యక్షులైరి. ఆ మండలి యునెస్కో పూనికతో 1949లో ఏర్పడినది. ఐరోపా దేశముల సంగీత సంస్థలన్నియు కలిసి దాని ఆధ్వర్యమున తమ ఖండమునకు వేరుగా ఒక మండలిని ఏర్పరచుకొన్నవి. గాయక సంఘములు, యువజన వాద్యబృందములు, పాఠశాలలు, ఆయా దేశముల మండలులు అందు సభ్యత్వము వహించును. సంగీతము నేర్చుట, వినుట మానవుల హక్కులని వారు ప్రభుత్వములముందు వాదింతురు. అచ్చట భాషలు అనేకము, రాజ్యములు అనేకము. మన దేశమునకు ఆ స్థితి క్రొత్తది కాదు.

కేంద్రము చూపిన దారిని రాష్ట్రములు పట్టినవి. 1955లో మద్రాసు రాష్ట్ర సంగీత నాటక సంగము, 1957లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ, 1958లో కేరళ అకాడమీ ఏర్పడినవి. ఇచ్చటనే మన కథ మెలిక తిరుగును. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము వేరుపడెను. మైలాపూరులో ఏబదియెనిమిది దినములు నిరశనముండి పొట్టి శ్రీరాములు గారు ప్రాణములర్పించినది ఈ పట్టణముననే, కాని పట్టణము మనకు రాలేదు. ఆఫీసులు పోయినవి, ఆ వెనుక పత్రికలు, ప్రచురణ సంస్థలు, కడకు సినిమావారు కూడ పోయిరి. ఇల్లు, అంగడి, చిన్న ఉద్యోగము ఉన్నవారము ఇచ్చటనే నిలిచితిమి. రెండు పెద్ద గొడుగులు ప్రక్కప్రక్కన పట్టినప్పుడు వాని అంచులనుండి కారు నీరు నడుమ నిలిచినవానిమీదనే పడును. మన స్థితి అట్లయ్యెను. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అకాడమీలను రద్దుచేసెను. 1985లో తెలుగు విశ్వవిద్యాలయము వచ్చెను. దానివలన తెలుగు కళలకు మేలు కలిగినది, రాష్ట్రము వెలుపలివారికి మాత్రము త్రోవ దూరమే.

ఇందులకు మా యనుభవము ఒక్కటి చెప్పెదము. ఇరువదియైదేండ్ల క్రిందట మన సంఘమున పిల్లలకు ఆదివారము సంగీత తరగతి పెట్టవలెనని తలంచితిమి. ఉపాధ్యాయురాలికి జీతము, రెండు తంబురలు, పుస్తకములు కావలెను. పెద్ద మొత్తము కాదు. ఒక ప్రభుత్వ కార్యాలయమునకు అర్జీ పంపితిమి. మీరు మా రాష్ట్రమువారు కారు గనుక అవకాశము లేదని వారు మర్యాదగా వ్రాసిరి. వేరొక రాష్ట్రపు కార్యాలయమునకు వ్రాసితిమి. మీ కార్యక్రమము ఇతర భాషకు చెందినది గనుక ఆ భాషవారి రాష్ట్రమును అడుగుడని వారును మర్యాదగానే వ్రాసిరి. రెండు జాబులను ఒకే దస్త్రములో దారముతో కుట్టి ఉంచితిమి. తప్పు ఏ గుమాస్తాది కాదు. వారి స్థానమున మేము కూర్చుండియుండినను ఆ నిబంధనను చూపి అట్లే వ్రాసియుందుము. మూడవ జాబు వ్రాయుటకు మేము పూనుకొనకపోతిమి. ఢిల్లీకి వ్రాసియుండవలసినది. ఇంగ్లీషులో పెద్ద అర్జీ వ్రాయుటకు జంకితిమి. అది మా తప్పే.

చందా పుస్తకము పట్టుకొని పెరంబూరు, చూలై, కొండితోపు, చాకలిపేటలలో ఇంటింటికి తిరిగితిమి. ఒక కల్యాణమండపము మేడమీది గది ఉచితముగా దొరకెను. తరగతి ప్రారంభమైన మొదటి నెలలోనే అసలు చిక్కు బయటపడెను. పిల్లలకు తెలుగు మాటాడుట వచ్చును, చదువుట రాదు. పాటలను తమిళ లిపిలో వ్రాసికొనిరి. తమిళమున కకారమునకు, గకారమునకు ఒకటే అక్షరము, పకార బకార భకారములకు ఒకటే అక్షరము. ఒక బాలిక తన పుస్తకములో వ్రాసికొన్నదానిని చదువుమనగా 'గానము' అనుటకు 'కానము' అని చదివెను, 'భావము' అనుటకు 'పావము' అని చదివెను. గానము కానరాకపోయినది, భావము పాపము అయినది అని మేమందరము నవ్వితిమి. ఇంటికి వచ్చిన పిదప ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఎట్టయపురమున తమిళుడైన దీక్షితులవారు తెలుగక్షరములలో అచ్చువేయించిన సంగీతమును, నూరేండ్ల పిదప తెలుగుబిడ్డ తమిళాక్షరములలో వ్రాసికొని తప్పుగా చదువుచున్నది. ఆ బిడ్డ తప్పేమి? బడిలో తెలుగు లేదు, ఇంటిలో తెలుగు పుస్తకము లేదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము పిమ్మట ఉన్న తెలుగు బడులకు సైతము ఇబ్బంది కలిగినది. తమిళము నేర్వవలెననుటలో మాకు అభ్యంతరము లేదు, మేమును నేర్చితిమి. దానితోపాటు మన అక్షరములు కూడ నేర్చుటకు చోటుండవలెనని మాత్రమే కోరినవారము.

ఆ నాటినుండి తరగతిలో మొదటి అరగంట అక్షరములు, తరువాత సరళీ స్వరములు అని నియమము పెట్టితిమి. సంగీతము నేర్చుకొనుటకు వచ్చిన పిల్లవాడు అక్షరములు కూడ నేర్చును. అక్షరములకొరకే పిలిచినచో ఎవ్వరును రారు, ఇది కూడ పరీక్షించి చూచితిమి. బిట్రగుంటలో పుట్టి మద్రాసు విశ్వవిద్యాలయమున సంగీత శాఖను నడిపిన పి. సాంబమూర్తి గారు సంగీతమునకు క్రమబద్ధమైన పాఠ్యగ్రంథములు వ్రాసి, పాఠశాలలలో దానికి స్థానము కల్పించుటకు జీవితమంతయు కృషిచేసిరి. పై సంస్థ చేయవలసిన పనులలో ఇట్టిది పెద్దది. కచేరి ఏర్పాటు చేయుట చిన్న సభకును చేతనగును. పాఠక్రమము, పరీక్ష, యోగ్యతాపత్రము చిన్న సభకు చేతకాదు.

దూరదేశములలో మనవారు దీనిని మనకంటె ముందుగా గ్రహించిరి. దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభ 1931లోనే ఏర్పడెను. మలయాలో తెలుగు సంఘము 1955లో ఏర్పడెను. అమెరికాలో క్లీవ్‌లాండు నగరమున 1978లో కొద్ది కుటుంబములు ప్రారంభించిన త్యాగరాజ ఆరాధన నేడు ఆ ఖండమంతటినుండియు పిల్లలను రప్పించి, పోటీలు పెట్టి, ఇచ్చటి విద్వాంసులచే పాఠములు చెప్పించుచున్నది. వారికి ఏ రాష్ట్ర అకాడమీయు లేదు. అందుచేత తమ గొడుగును తామే కుట్టుకొనిరి.

మన పట్టణమున సభలకు సమాఖ్య కలదు. నగర సభలన్నిటి పక్షమున ప్రభుత్వమునకు విన్నవింపవలసిన సంగతులను అది విన్నవించును. 2020లో మహమ్మారి వచ్చి హాళ్ళు మూతపడినప్పుడు సమాఖ్య పక్షమున డిసెంబరు కచేరీలు అంతర్జాలమున ప్రసారమైనవి. సీజను పోయినచో పక్కవాద్యములవారు, శ్రుతిపెట్టె సరిచేయువారు, సభ కాంటీనులో దోసె వేయువారు ఏమి తిందురని ఆనాడు మాకు దిగులు కలిగినది. ఒక్కొక్క సభ విడిగా ఆ పని చేయజాలకపోయెడిది. దానికి మూడేండ్ల ముందు, 2017లో, యునెస్కో మన చెన్నపురిని సంగీతమునకు సృజనాత్మక నగరముగా తన జాబితాలో చేర్చెను. 1919లో సమావేశము జరిగిన కాశీ నగరము 2015లోనే ఆ జాబితాలో చేరియుండెను. ఆ వార్త పత్రికలో వచ్చిననాడు కత్తిరించి, పైన చెప్పిన రెండు జాబులున్న దస్త్రములోనే అంటించితిమి. ఈ నగర సంగీతమున మన త్యాగయ్య, శ్యామశాస్త్రి, క్షేత్రయ్యల భాష ఎంత యున్నదో ఆ వార్తలో లేదు. వార్త వ్రాసినవానికి ఎవరు చెప్పిరి గనుక?

మన సంఘము నగర సమాఖ్యలో చేరవలెనని గత సర్వసభ్య సమావేశమున మేము ప్రతిపాదించితిమి. మనది సంగీత సభ కాదు గదా యని కొందరు సందేహించిరి. సంఘము నియమావళిలో కళాపోషణ యను మాట కలదని చూపితిమి. కార్యవర్గము ఆలోచించుచున్నది. ఢిల్లీకి వ్రాయవలసిన ఆ మూడవ జాబును ఈసారి వ్రాయించితిమి. తరగతిలో చదివి, ఇప్పుడు ఒక బ్యాంకులో పనిచేయుచున్న ఆ 'కానము' బాలికయే దానిని ఇంగ్లీషున చక్కగా వ్రాసి ఇచ్చినది. నకలు దస్త్రములో కుట్టితిమి. రాబోవు పుష్య బహుళ పంచమినాడు ఉదయము ఎనిమిది గంటలకు మేడమీది గదిలో పిల్లలు పంచరత్నములు పాడుదురు. తెలుగు లిపిలో పెద్ద అక్షరములతో అచ్చువేసిన పాఠము గుమ్మమువద్దనే ఉంచెదము. కళ్ళజోడు మరచినవారికి కూడ కనబడునంత పెద్దగా వేయించితిమి.